నేలకి మూడేళ్లు, కౌలుకి 11 నెలలు

ఉగాదికి ముందు బీరువా సర్దుతుంటే పాసుపుస్తకాల కింద భూసార పరీక్ష కార్డు ఒకటి దొరికింది. పైన నాన్న పేరు, సర్వే నంబరు, ఊరి పేరు. కింద 12 గడుల్లో లెక్కలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, బోరాన్ వగైరా. నేలకి సత్తువనిచ్చే సేంద్రియ కర్బనం గడిలో "తక్కువ" అని ఉంది. ఏ పంటకి ఎంత ఎరువు వెయ్యాలో, పశువుల ఎరువు ఎన్ని టన్నులు తోలాలో అడుగున రాసి ఉంది. మడత కూడా నలగలేదు. ఎవరూ చదివినట్టు లేదు.

ఆ కార్డు వచ్చేనాటికే నాన్న వ్యవసాయం మానేశాడు. మేం గుంటూరు కొరిటెపాడులో ఉంటాం. పొలం పెదనందిపాడు వైపు, మూడున్నర ఎకరాల నల్లరేగడి. దాన్ని తొమ్మిదేళ్లుగా చేస్తున్నది మా ఊరి బాబాయ్ ఒకాయన. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుని పిలుచుకుంటాం. నేల ఆరోగ్యం గురించి ప్రభుత్వం రాసిన ఉత్తరం ఆ నేలలో కాలు పెట్టని మా ఇంటికొచ్చింది. రోజూ అందులోనే ఉండే మనిషికి అలాంటిది ఒకటి వచ్చిందని కూడా తెలియదు.

పండగ వెళ్లాక ఊరెళ్లి కార్డు ఆయన చేతికిచ్చాను. కళ్లం గట్టున కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్లు తాలు కాయ ఏరుతున్నారు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "కర్బనం తక్కువని వీళ్లు చెప్పాలా అబ్బాయ్, దున్నేటప్పుడు మట్టిబెడ్డ చూస్తే తెలవదూ" అన్నాడు. మరి పశువుల ఎరువు తోలొచ్చు కదా, నేలలో కలియదున్నడానికి జీలుగ చల్లొచ్చు కదా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "నేలకి పెడితే నీకు. పంటకి పెడితే నాకు. వచ్చే ఏడు ఈ పొలం నాకిస్తావో, ఇంకోడికిస్తావో నాకేం తెలుసు?"

నాకు జవాబు తట్టలేదు. నిజానికి ఏ ఏడూ నేను ఆయనకి ఆ మాట ఇవ్వలేదు. తొమ్మిదేళ్లూ ఏడాదికోసారి, కోతలయ్యాక, ఇంకెవరైనా రెండు వేలు ఎక్కువిస్తామన్నారా అని చూసుకుని మరీ ఇచ్చాం. తొమ్మిదేళ్లంటే నల్లరేగడి నేలకి మళ్లీ ప్రాణం పోయడానికి చాలినంత కాలం. మేం దాన్ని, కౌలు కాగితం గడువు చొప్పున, 11 నెలల ముక్కలుగా కోసి పారేశాం.

ఈ వ్యాసం అంతా బాబాయ్ అన్న ఆ ఒక్క మాట చుట్టూనే. సుస్థిర వ్యవసాయం అని ప్రభుత్వాలు రాస్తున్న ప్రణాళికల్లో నేల ఉంది, నీళ్లున్నాయి, విత్తనం ఉంది, యాప్ ఉంది. ఆ నేలని వచ్చే ఏడు కూడా దున్నుతాననే భరోసా ఉన్న మనిషి లేడు. అతన్ని లెక్కలోకి తెచ్చుకోకుండా ఎన్ని కోట్లు పెట్టినా నేల బాగుపడదని నా నమ్మకం.

ప్రయత్నం జరగలేదని అనను. మన రాష్ట్రంలో రసాయన ఎరువులు, మందులు లేని ప్రకృతి వ్యవసాయం పని 2016 నుంచి నడుస్తోంది. దాన్ని నడిపే రైతు సాధికార సంస్థ మన గుంటూరులోనే ఉంది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లని నమ్ముకుని, పొలంలో చేసి చూపించిన రైతుతోనే పక్క రైతుకి చెప్పించే పద్ధతి పెట్టారు. ఆఫీసులో కూర్చుని సర్క్యులర్లు పంపే పద్ధతికి ఇది పూర్తిగా వేరు. 2024లో దీనికి పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. నాకు నిజంగా గర్వంగా అనిపించింది. కానీ 2018లో ఈ కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున ప్రకటించినప్పుడు పెట్టుకున్న లక్ష్యం 2024 కల్లా 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు. గడువు వచ్చేసరికి చేరింది 10 లక్షల మంది స్థాయికి. ఇంత మంచి పని ఇంత వెనకబడటానికి కారణాలు చాలా చెబుతారు: అధికారుల పట్టింపు లేకపోవడం, ఎరువుల కంపెనీలు, మార్కెట్ లేకపోవడం. అవన్నీ ఉన్నాయి. వాటి కింద కౌలు ఉంది.

ఎలాగో ఒక్క ఉదాహరణతో చెప్తాను. ప్రకృతి వ్యవసాయంలో నాకు అన్నిటికంటే నచ్చేది నవధాన్య సాగు. వానలకి ముందే, ఎండాకాలంలోనే, రకరకాల విత్తనాలు కలిపి, మట్టీ ఘనజీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ఎరువు) పట్టించి ఉండలు చేసి పొడి దుక్కిలో చల్లుతారు. పప్పుజాతి, నూనెగింజలు, చిరుధాన్యాలు, ఆకుకూరలు, పచ్చిరొట్ట అన్నీ కలిసే ఉంటాయి. తొలి చినుకులకే మొలిచి నేలని కప్పేస్తాయి. తర్వాత కొంత కోసుకుని, కొంత కలియదున్ని, అసలు పంట పెట్టుకుంటారు. ఏడాది పొడవునా నేల బోడిగా ఉండకూడదన్నది సూత్రం. నేలకి ఇంతకంటే మంచి మందు లేదు.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. ఆ విత్తనం చల్లాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. మా వైపు మిరప ఆఖరి కోత మార్చి చివర, ఏప్రిల్. కాయ ఎండి, మిర్చి యార్డుకి పోయి, లెక్కలు తేలాక కౌలు మాటలు మొదలవుతాయి. మే దాటిపోవచ్చు, జూన్ రావచ్చు. పాత కౌలు అయిపోయి కొత్తది కుదరని ఆ రెండు నెలలు పొలం ఎవరిదీ కాదు. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే నేలకి వైద్యం జరగాలి. తనది అవుతుందో లేదో తెలియని పొలంలో ఎవరు నవధాన్యాలు చల్లుతారు? శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అక్కచెల్లెళ్లు ఎంత ఓపికగా చెప్పినా ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర సమాధానం ఉండదు.

కౌలు చేసే పని అంతటితో అయిపోదు. పంట ఏదో కూడా అదే నిర్ణయిస్తుంది. పంటల మార్పిడి చెయ్యాలి, అపరాలు పెంచాలి, ఒకే పంట మీద ఆధారపడకూడదు అని ప్రతి ప్రణాళికలోనూ రాస్తారు. మా పొలం సంగతి చెప్తాను. 2021లో ఎకరం 25 వేలకి ఇచ్చాం. ఆ ఏడాది చివర్లోనే మిరపకి నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి రసం పీల్చేస్తే పూతంతా రాలిపోయింది. వారానికి రెండుసార్లు కొట్టినా మందుకి లొంగలేదు. చుట్టుపక్కల తోటలు పీకేసి మొక్కజొన్న వేసుకున్నారు. కౌలు మాత్రం ముందే కట్టేసిన డబ్బు, అది వెనక్కి రాదు. 2023లో కాయ క్వింటాలు 20 వేలు దాటింది. ఆ వేసవిలో ఊరంతా కౌలు ఎగబాకింది, మాది 45 వేలకి చేరింది. 2025 మొదట్లో కాయ ధర సగానికి పడిపోయింది. కౌలు దిగింది ఐదు వేలు.

ఎకరానికి 40 వేలు ముందే కట్టిన మనిషి మినుములు వేసి ఆ డబ్బు రాబట్టుకోగలడా? మిరప వెయ్యాల్సిందే. కౌలు, కూలీలు, మందులు కలిపితే ఎకరానికి పెట్టుబడి రెండు లక్షలు దాటుతుంది. అంత డబ్బు పెట్టాక ఒక పురుగు కనపడితే నీమాస్త్రంతో (వేపాకు కషాయంతో) సరిపెట్టుకుని చూద్దామనే ధైర్యం ఎవరికీ ఉండదు, పక్క పొలం వాడు కొట్టిన మందే కొడతారు. వెలగపూడి సచివాలయంలో ఏ పంటల ప్రణాళిక రాసినా, మా ఊరి పంటల ప్రణాళిక రాసేది మా ఊరి కౌలు ధర.

2025 ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద, క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. ఉత్పత్తిలో నాలుగో వంతుకి వర్తించేలా పెట్టారు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మన ఊళ్లో ఉంది, ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలున్నాయి, తేజ రకం చైనా దాకా పోతుంది, అయినా మిర్చికి మద్దతు ధర అనేది లేదు. అందుకే ఆ ప్రకటన కాస్త ఊరటే. కాకపోతే అది వచ్చింది కోతల మధ్యలో. కౌలు కుదిరింది అంతకు ముందు వేసవిలో, పాత ధర చూసి. నష్టం అప్పుడే రాసిపెట్టి ఉంది.

అప్పు దగ్గరికి వద్దాం. ఇది నా తప్పుతో మొదలుపెట్టాలి. ఆ పాసుపుస్తకం మీద పంట రుణం తీసుకున్నది నేను. ఒక్క విత్తనం వెయ్యని నేను. సకాలంలో కడితే నాలుగు శాతం వడ్డీ పడుతుంది కాబట్టి ఇంటి అవసరాలకి వాడుకున్నాను. బాబాయ్ కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కు కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే లోన్ ఉంది, ఇవ్వడం కుదరదన్నారు. ఆయన యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. అంటే ఏడాదికి 24 శాతం. తెచ్చుకున్నందుకు టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, ఆ వ్యాపారి కొట్టుకే వెయ్యాలి. ధర బాగోలేకపోయినా ఆగడానికి వీల్లేదు. నేను కట్టిన నాలుగు శాతానికీ ఆయన కట్టిన 24 శాతానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ నేలలోంచే తోడుకోవాలి. జాతీయ నమూనా సర్వే 2018–19లో తేల్చిన ప్రకారం మన రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబం సగటు అప్పు 2.45 లక్షలు, దేశం మొత్తం మీద అదే ఎక్కువ. దేశ సగటు 74 వేలు. ఈ లెక్క చూసినప్పుడల్లా ఇందులో నాలాంటివాళ్ల వాటా ఎంతో అని ఆలోచిస్తుంటాను.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దానికి యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇందులో కార్డు 11 నెలలకి, యజమాని సంతకం ఉంటేనే. సంతకం ఎందుకు పెట్టరు అని ఊరికే తిట్టడం తేలిక. నేనే రెండేళ్లు పెట్టలేదు. "సంతకం పెడితే రేపు పొలం నాదే అంటాడు" అని మా మేనమామ భయపెట్టాడు. 1956 నాటి కౌలుదారీ చట్టం గురించి పెద్దవాళ్లు చెప్పుకున్న కథలు మా ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి. పైగా కౌలుకిచ్చేవాళ్లంతా నాలా జీతగాళ్లు కారు. మా పక్క పొలం ఒక ముసలావిడది, భర్త లేడు. ఏడాదికోసారి వచ్చే ఆ కౌలు డబ్బే ఆవిడకి మందులు, బియ్యం. ఆవిడ భయాన్ని కూడా ప్రణాళిక లెక్కలోకి తీసుకోవాలి. చెయ్యాల్సింది ఆవిడ భయం పోగొట్టే పని. కార్డుని మాత్రం ఆవిడ సంతకానికి వేలాడదీశారు.

డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి. 2024–25 కేంద్ర బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీకి కేటాయించింది 1.64 లక్షల కోట్లు. అదే ఏడాది నవంబరులో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి, కేంద్రం రాష్ట్రాల వాటాలు కలిపి, 2,481 కోట్లు. 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు. వేసిన వారానికి చేను ముదురు పచ్చగా తిరుగుతుంది. పశువుల ఎరువు ట్రక్కు మూడు వేలు, దాని ఫలితం రెండో ఏడు, మూడో ఏడు గానీ తెలియదు. 11 నెలల మనిషి ఏది కొంటాడు? 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం తెల్లవారుజామునే చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ వాళ్లని చూసి, రైతులకి ఇంకా అవగాహన లేదని ఒకాయన టీవీలో అన్నాడు. నాకు చాలా బాధేసింది. వాళ్లకి అవగాహన లేకపోవడం కాదు. వాళ్లకి వచ్చే ఏడు లేదు.

ప్రణాళిక కింద నుంచి రావాలన్న మాట కొత్తది కాదు. పంచాయతీలకి, మున్సిపాలిటీలకి ఎన్నికైనవాళ్లు ఐదింట నాలుగు వంతులు ఉండేలా జిల్లా ప్రణాళిక కమిటీ వెయ్యాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. 2007లో రాష్ట్రీయ కృషి వికాస్ యోజన మొదలైనప్పుడు ప్రతి జిల్లాకీ సమగ్ర వ్యవసాయ ప్రణాళిక ఉండాలన్నారు. 2020లో ఊరూరా రైతు భరోసా కేంద్రాలొచ్చాయి, ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. 2024 డిసెంబరులో విజయవాడలో స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదల చేశారు. ఇరవై మూడేళ్ల ముందుచూపు మంచిదే. కానీ 2047 దాకా చూసే ప్రణాళిక కింద, పొలంలో నడుస్తున్న కాగితం వచ్చే ఏప్రిల్‌తో అయిపోతుంది. ఈ రెంటినీ కలిపే పని ఎవరి బల్ల మీదా లేదు. వ్యవసాయ శాఖని అడిగితే కౌలు రెవెన్యూ వాళ్ల పని అంటారు, రెవెన్యూ వాళ్లు బ్యాంకు పని అంటారు, బ్యాంకు యజమాని సంతకం అంటుంది.

నా దృష్టిలో ముందు చెయ్యాల్సింది మూడేళ్ల కౌలుకి ప్రభుత్వం ప్రోత్సాహకం ఇవ్వడం. యజమాని మూడేళ్లకి రాసిచ్చి, కౌలు పెంచకుండా ఉంటే, ఏడాదికి ఎకరానికి కొంత మొత్తం నేరుగా యజమాని ఖాతాలో వెయ్యాలి. మొదటి ఏడు, మూడో ఏడు మట్టి పరీక్ష చేసి సేంద్రియ కర్బనం పెరిగిందని తేలితే ఇద్దరికీ బోనస్. డబ్బు ఎక్కడిదంటారా? 2023లో కేంద్రం పెట్టిన పీఎం ప్రణామ్ పథకం ప్రకారం రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామన్నారు. ఆ గ్రాంటుకి ఇంతకంటే తగిన ఖర్చు నాకు తోచడం లేదు. పొలం పోదని ప్రభుత్వమే పూచీపడి, కౌలు డబ్బు ఆలస్యమైనా ఇప్పిస్తానంటే, మా పక్క పొలం ముసలావిడ కూడా సంతకం పెడుతుంది.

కార్డు సంగతి కూడా అంతే. ఎవరు ఏ పొలం చేస్తున్నారో ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. ఏప్రిల్ లోపు గ్రామసభలో చదివి రాసుకుంటే చాలు. భూసార కార్డు, పంట రుణం, నష్టపరిహారం ఆ జాబితా ప్రకారం పోవాలి. పీఎం కిసాన్ ఆరు వేలు ఇప్పటికీ భూమి పేరున్న నాకే వస్తున్నాయి. తీసుకుంటున్నందుకు సిగ్గుగా ఉంది, ఇప్పుడు వాటిని బాబాయ్‌కి ఇస్తున్నాను. ఇలా నా ఒక్కడి మంచితనంతో నడిచేది ప్రణాళిక అనిపించుకోదు, నేను రేపు మనసు మార్చుకుంటే ఆయనకి దిక్కులేదు.

బృందంగా కౌలుకి తీసుకునే దారి కూడా ఉంది. కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి పొలం కౌలుకి తీసుకుంటారు, బ్యాంకు ఆ బృందానికి అప్పిస్తుంది. డ్వాక్రా సంఘాలకి పేరుపడ్డ రాష్ట్రం మనది. కట్టే అలవాటు, లెక్క రాసే అలవాటు మన సంఘాలకి ముప్పై ఏళ్లుగా ఉంది. ఒక మనిషికి పొలం ఇవ్వడానికి భయపడే యజమాని పదిమంది ఉన్న సంఘానికి ఇవ్వడానికి అంత భయపడడు. పదేళ్ల లక్ష్యం పెట్టుకోవాలంటే ఇక్కడ పెట్టుకోవాలి.

ఇంత రాశాక నేనేం చేశానో కూడా చెప్పాలి. ఈ వేసవిలో మూడేళ్లకి కౌలు కాగితం రాయిద్దామని బాబాయ్‌ని తీసుకుని దస్తావేజులు రాసే ఆయన దగ్గరికెళ్లాను. "ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి, ఖర్చు, తిరుగుడు, ఎందుకండీ టెన్షన్, అందరూ 11 నెలలకే రాయించుకుంటారు" అన్నాడు ఆయన. 11 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. నేలకీ పంటకీ దానితో ఏ సంబంధమూ లేదు. రిజిస్టరాఫీసు తప్పించుకోవడానికి పుట్టిన అంకె అది. మేం రిజిస్టరే చేయించాం. రెండు రోజులు తిరిగాం. కౌలు 30 వేలు, మూడేళ్లూ అదే. పంట రుణం కట్టేశాను. బాబాయ్ పేరు మీద కొత్తది ఇంకా రాలేదు. మేనేజరు పై ఆఫీసుని అడుగుతానన్నాడు.

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు బాబాయ్. పల్నాడు నుంచి గొర్రెల మందలు దిగాయట, ఊరి బయట ఆగి ఉన్నాయట. రాత్రిళ్లు మందని చేలో ఆపితే ఆ పెంటే నేలకి ఎరువు.

"మన చేలో నాలుగు రాత్రులు మంద పెట్టిద్దామా అబ్బాయ్? డబ్బులు సగం నువ్వు, సగం నేను."

సరేనన్నాను. జీలుగ విత్తనం కూడా చూడమన్నాడు. రేపు పొద్దున బండి మీద వెళ్లాలి.